ఫొటోలో మనమెక్కడ?

రంగసముద్రం చెరువు మీద పొద్దు ఇంకా పూర్తిగా ఎక్కలేదు. గట్టు మీద రెండు కార్లు ఆగి ఉన్నాయి. పసుపుపచ్చ లంగాఓణీలో పెళ్లికూతురు, తెల్ల పంచెలో పెళ్లికొడుకు. ముహూర్తానికి ఇంకా టైముంది, ఫొటోల పని మాత్రం ముందే మొదలైంది. వాళ్ల వెనక శ్రీరంగనాయకస్వామి గోపురం, దాని నీడ నీళ్లలో. కెమెరా పట్టుకున్న కుర్రాడు ఒక కన్ను మూసి చూశాడు, తల ఎత్తాడు.

"పెద్దనాయనా, జర పక్కకు జరుగు. ఫ్రేములకొస్తున్నవ్."

భుజాన వల వేసుకుని పోతున్న పెద్దాయన ఆగాడు. ఫ్రేము ఎక్కడిదాకా ఉంటుందో ఆయనకేం తెలుసు? రెండడుగులు వేసి వెనక్కి చూశాడు.

"ఇంకా జరగాల్నా బిడ్డా?"

ఇంకొంచెం జరగాలి. జరిగాడు. ఫొటో బాగా వచ్చింది.

శ్రీరంగాపూర్‌లో ఇలాంటి తతంగం ఇప్పుడు కొత్తేమీ కాదు. పెబ్బేరు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి దిగి లోపలికి వస్తే కనిపించే ఈ ఊరు చాలాకాలం చుట్టుపక్కల భక్తులకే తెలుసు. 2024 మార్చిలో ఒక్కసారిగా టీవీల్లోకి ఎక్కింది. సినీ నటులు సిద్ధార్థ్, అదితీరావు హైదరీ ఈ గుడిలో పెళ్లి చేసేసుకున్నారని వార్తలొచ్చాయి. కాదు, జరిగింది నిశ్చితార్థమేనని మరునాడు ఆ ఇద్దరే చెప్పారు. అసలు పెళ్లి సెప్టెంబరు 16న ఇక్కడే జరిగింది. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. గుడి పేరు, జిల్లా పేరు, వయసు మూడు ముక్కల్లో చెప్పి వార్తలు పెళ్లిబట్టల దగ్గరికి వెళ్లిపోయాయి.

సెలబ్రిటీ పెళ్లి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. పైగా వధువుకు ఈ గుడితో ఉన్నది తాతల నాటి చుట్టరికం. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. మన ఊరి గురించి మనకున్న అభిప్రాయంలో మనం కళ్లతో చూసింది ఎంత? ఎవరో తీసిన బొమ్మ, కట్టిన పాట, తెర మీద పలికించిన యాస కలిసి పోసింది ఎంత? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్.. ఈ పాలమూరు దక్షిణపు గడ్డకు ఆ విషయంలో వందేళ్ల అనుభవం ఉంది.

ఏ రాయలు కట్టిన గుడి?

వనపర్తి సంస్థానాన్ని ఏలిన కృష్ణదేవరాయలు శ్రీరంగం వెళ్లి రంగనాథుణ్ని చూసి మైమరచిపోయాడట. అలాంటి గుడి తన నేల మీదా కట్టాలనుకున్నాడట. స్వామి కలలో కనిపించి తన విగ్రహం ఎక్కడుందో చెప్పాడని, గద్ద దారి చూపిందని స్థలకథ. చెరువు ఒడ్డున గుడి లేచింది. ఊరి పేరులోకి శ్రీరంగం వచ్చి చేరింది.

ఇక్కడే ఒక తమాషా ఉంది. కృష్ణదేవరాయలు అనగానే సగం మంది హంపీ రాయలే అనుకుంటారు. ఈ గుడి కట్టింది విజయనగర చక్రవర్తేనని ధీమాగా చెప్పేవాళ్లూ తగులుతారు. పర్యాటక శాఖ లెక్కలో ఇది 18వ శతాబ్దపు గుడి. హంపీ రాయలు 16వ శతాబ్దం వాడు. మధ్యలో రెండొందల ఏళ్లు. పెళ్లి వార్తల్లో మాత్రం గుడి వయసు 400 ఏళ్లకు పెరిగింది. పాతదైతే గొప్పదన్న నమ్మకం మనకు ఎప్పుడూ ఉన్నదే.

ఈ పొరపాటు జరిగింది చదువు తక్కువై కాదు, సినిమా ఎక్కువై. రాయలు అంటే మన కళ్ల ముందుకు వచ్చేది ఎవరు? 'తెనాలి రామకృష్ణ'(1956)లో, 'మహామంత్రి తిమ్మరుసు'(1962)లో ఎన్.టి.రామారావు. ఆ తర్వాతి తరానికి 'ఆదిత్య 369'(1991)లో బాలకృష్ణ. కిరీటం, మీసం, భువనవిజయం మెట్లు.. అన్నీ తెర మీదివే. వనపర్తి రాయలకు సినిమా లేదు. అతని ముఖం ఎవరికీ తెలియదు. ఖాళీగా ఉన్న ముఖంలోకి తెలిసిన ముఖం వచ్చి కూర్చుంటుంది. అలా ఒక చిన్న సంస్థానం కథ పెద్ద సామ్రాజ్యం కథలో కలిసిపోయింది. ఊరివాళ్లే సంతోషంగా కలిపేశారు కూడా. మన తాత చేసిన పనిని పక్కింటి జమీందారు ఖాతాలో రాసి గర్వపడటం ఇది.

> వనపర్తి ఇంటి నుంచి
>
> అదితీరావు హైదరీ తల్లి విద్యారావు హిందుస్తానీ గాయని. ఠుమ్రీ, దాద్రా గానానికి పేరున్నవారు. ఆమె తండ్రి వనపర్తి రాజా జె.రామేశ్వరరావు దౌత్యవేత్తగా పనిచేశారు, మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపారు. భార్య శాంతా రామేశ్వరరావు రచయిత్రి, హైదరాబాద్‌లో విద్యారణ్య పాఠశాలను స్థాపించారు. వనపర్తిలోని రాజుగారి కోట ఇప్పుడు కృష్ణదేవరాయ పాలిటెక్నిక్. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేరు వెనక ఉన్న ఆఫ్రికన్ అశ్వదళం మొదట వనపర్తి రాజులదేనని, అక్కడి నుంచే నిజాంకు చేరిందని చెబుతారు.

కాశయ్య నోట మన మాట

బొమ్మ సంగతి అలా ఉంచుదాం. మాట ఇంకా లోతుగా దిగుతుంది.

1985లో 'ప్రతిఘటన' వచ్చింది. మంత్రి కాశయ్యగా కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో చెలరేగిపోయారు. నటన గొప్పది, అనుమానం లేదు. హాల్లో జనం ఊగిపోయారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి తెలుగు సినిమాలో ఈ యాస పలికితే వాడు రౌడీ, లేకపోతే నవ్వించేవాడు. హీరో ఎక్కడి వాడైనా, ఏ పని చేసేవాడైనా కృష్ణా, గోదావరి డెల్టాల తెలుగే మాట్లాడేవాడు. 'మా భూమి'(1980), 'దాసి'(1988) లాంటివి వచ్చాయి. గౌరవంగా చూసినవాళ్లు చూశారు. కానీ వనపర్తిలో, గద్వాలలో శనివారం రాత్రి ఆటకు జనం ఎగబడి వెళ్లింది వాటికి కాదు.

దీని ఫలితం థియేటర్లో ఆగలేదు. హైదరాబాద్ హాస్టల్లో చేరిన పాలమూరు పిల్లాడు మొదటి వారంలోనే నోరు మూసుకోవడం నేర్చాడు. ఇంటర్వ్యూలో ఒక తెలుగు, అమ్మతో ఫోన్లో మరో తెలుగు. పక్కన ఎవరైనా ఉంటే అమ్మతో కూడా మొదటి తెలుగే. ఇది ఒకరిద్దరి అనుభవం కాదు, ఒక తరం మొత్తానిది. తన నోటి మాట తెర మీద విన్నప్పుడల్లా పక్కవాళ్లు నవ్వుతుంటే, ఆ మాట నవ్వదగిందేనని వాడికీ అనిపిస్తుంది. తను కూడా నవ్వుతాడు. అసలు నష్టం ఆ నవ్వులోనే ఉంది.

ఇప్పుడు గాలి మారింది. 'ఫిదా'(2017)లో బాన్సువాడ అమ్మాయి భానుమతి హీరోయిన్. సాయిపల్లవి ఆ యాసను తన గొంతుతోనే పలికి మెప్పించింది. 2023లో సిరిసిల్ల వైపు పల్లెను చూపిన 'బలగం', బొగ్గుగనుల నేపథ్యంతో 'దసరా' వరసగా వచ్చాయి. 'బలగం'ను ఊళ్లలో తెరలు కట్టి, చాపలు పరిచి మరీ చూశారు. చూస్తూ ఏడ్చారు. అన్నదమ్ములు కలిసిపోయారన్న వార్తలూ వచ్చాయి. అంతా మంచిదే.

అయితే ఒక చిన్న పేచీ. బాన్సువాడ, సిరిసిల్ల, సింగరేణి.. ఇవన్నీ ఎక్కడున్నాయి? హైదరాబాద్‌కు పైన. సినిమాలో స్థిరపడిన 'తెలంగాణ యాస' చాలావరకు అటు గాలిదే. కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డ మాట వేరు. గద్వాల, అలంపూర్ తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉన్నాయి. నది దాటితే కర్నూలు. సంతలో కన్నడం వినిపిస్తుంది, మాట సాగదీతలో సీమ తగులుతుంది. అలంపూర్ మనిషి మాట్లాడితే హైదరాబాద్‌లో 'నీది రాయలసీమా?' అంటారు, కర్నూలులో 'నీది తెలంగాణా?' అంటారు. ఒకప్పుడు ఒక్క తెలుగే తెలుగు అన్నారు, ఇప్పుడు రెండో తెలుగును ఒప్పుకున్నారు. మూడోది ఇంకా వరసలో నిలబడి ఉంది. మిమిక్రీ చేసే కుర్రాళ్లు నడిగడ్డలో పుట్టి కూడా 'తెలంగాణ యాస' అనగానే కరీంనగర్ మాట పట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. కొత్త గౌరవం కూడా మళ్లీ తెర నుంచే అరువు తెచ్చుకుంటున్నామన్న మాట.

అన్నట్టు, అదితి మొదటి తెలుగు సినిమా 'సమ్మోహనం'(2018). అందులో ఆమెది తెలుగు సరిగ్గా పలకలేని సినీ తార పాత్ర. డైలాగులు నేర్పమని హీరోను అడుగుతుంది. అమ్మమ్మ ఇల్లు వనపర్తి అయిన నటి ఆ పాత్ర చేసింది, తన డబ్బింగ్ తానే చెప్పుకుంది. సంస్థానపు ఇంటి తెలుగు ఎలా ఉండేదో ఎవరైనా ఆమెను అడిగి ఉంటే బాగుండేది. పెళ్లి మీద రాసిన పత్రికల్లో ఒకటైనా అడగాల్సింది.

కవులు లేరన్నారు, 354 మంది వచ్చారు

ఇటికాలపాడులో పెరిగిన ఒక మనిషి ఈ రోగానికి ఎప్పుడో మందు కనిపెట్టాడు. ఆయన సురవరం ప్రతాపరెడ్డి (1896–1953).

ఆ కాలం ఎలాంటిదో ఒక్క సంగతి చాలు. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధిని హాలులో సంఘ సంస్కరణ సభ జరిగింది. ఇంగ్లిషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఒక న్యాయవాది తెలుగులో మాట్లాడటానికి లేచేసరికి ఈలలు, గోల. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. రాజభాష ఉర్దూ. తెలుగు బడులు కొద్ది. ఇంట్లో మాట్లాడే భాష వీధిలో పరువు తక్కువ.

1926లో సురవరం 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు రాసిన మాట ఆయన కంట పడింది. ఇలాంటి మాట పడితే చాలామంది ఏం చేస్తారు? ఘాటుగా ఒక వ్యాసం రాస్తారు. సభ పెట్టి ఖండిస్తారు. సురవరం లెక్క తీశారు. ఊరూరికీ కబురు పెట్టారు, పద్యాలు పంపమన్నారు. 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చయింది. అందులో కవులు 354 మంది. పట్వారీలు, బడిపంతుళ్లు, సంస్థాన పండితులు, స్త్రీలు. అందరూ మహాకవులేం కాదు. ఆ పద్యాల్లో చాలావాటిని ఇవాళ ఓపిక పట్టి చదవాలి. కానీ ఆ పుస్తకం పని రసం పంచడం కాదు, హాజరు పలకడం. నువ్వు లేవు అన్నవాడి ముందు పేర్ల పట్టీ పెట్టడం.

ఆయనకు ఆ ధైర్యం ఊరికే రాలేదు. పక్కనే గద్వాల సంస్థానం. విద్వద్గద్వాల అని దానికి పేరు. ఆంధ్ర దేశం నుంచి కవులు సత్కారాలకు అక్కడికి వచ్చేవారు. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు సంస్థానాలు తిరిగి అవధానాలు చేశారు. అంటే బయటి కవులు ఇక్కడి సంభావనలు పుచ్చుకుని వెళ్లినా, ఇక్కడ కవులున్నారన్న సంగతి మాత్రం బయట నమోదు కాలేదు.

నా దృష్టిలో కవుల సంచికకంటే సురవరం చేసిన పెద్దపని 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949). రాజుల యుద్ధాలు, తేదీలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, దేనికి భయపడ్డారు అని అడిగిన పుస్తకం అది. జవాబులు ఎక్కడ వెతికారు? కావ్యాల్లో. పాల్కురికి సోమనాథుడి నుంచి 'క్రీడాభిరామం', 'ఆముక్తమాల్యద', 'శుకసప్తతి', 'హంసవింశతి' దాకా. అలంకారాలు చూడాల్సిన చోట ఆయన వంటింటి గిన్నెలు చూశారు. నాయిక వర్ణనలో నగల పేర్లు ఏరుకున్నారు. కవి యథాలాపంగా అనేసి పోయిన మాటలో సంతబేరం విన్నారు. సాహిత్యం మనకు మనల్ని ఎలా చూపిస్తుందన్న దానికి తెలుగులో ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు తెలియదు. కవి రాజును పొగడటానికి రాసిన పుస్తకంలో చెప్పులు కుట్టేవాడూ, పూటకూళ్లమ్మా దొరికారు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం దానికే వచ్చింది. అప్పటికి ఆయన లేరు.

ఇంకో మాట. 1952 ఎన్నికల్లో సురవరం శాసనసభకు గెలిచింది వనపర్తి నుంచి. తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరు పెట్టారు. శ్రీరంగాపూర్ గురించి వెతికితే ఫోన్లో పెళ్లి ఫొటోలు ముందు వస్తాయి, ఆయన మాత్రం ఎక్కడా తగలరు.

గెలిపించిన పాటే కట్టేసింది

పాలమూరు అనగానే తక్కిన తెలుగువాళ్లకు గుర్తొచ్చేది వలస. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టిపనికి పాలమూరు కూలీలు వెళ్లారు. ముంబయి బస్సులు, తాళం వేసిన ఇళ్లు, ఊళ్లో మిగిలిన ముసలివాళ్లు. ఈ దుఃఖాన్ని కథలు, పాటలు పట్టుకున్నాయి. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న పల్లె శిథిలమవుతున్న తీరు మీద కట్టిన పాట 'కుబుసం'(2002) సినిమాతో ఊరూరా మోగింది. పొలం, చేతివృత్తి, దుందుభి వాగు, పిట్ట.. ఆయన పాటల్లో లేనిది లేదు. 2021కి 'వల్లంకి తాళం' కావ్యానికి సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. తెలంగాణ ఉద్యమంలో ఆ పాటలు చేసిన పని వెయ్యి ఉపన్యాసాలు చేయలేదు. చెప్పుకోవడానికి సిగ్గుపడిన బాధను నలుగురిలో గొంతెత్తి పాడుకునేలా చేశాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పాట పాతుకుపోయాక బొమ్మ కదలదు. శ్రీరంగాపూర్ చెరువునే చూడండి. రంగసముద్రం ఇప్పుడు భీమా ఎత్తిపోతల పథకంలో బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. కృష్ణా నీళ్లు ఎక్కి వచ్చి ఇక్కడ ఆగి కాలువల్లోకి పోతాయి. చుట్టుపక్కల వరి కనిపిస్తుంది. నాట్ల రోజుల్లో బయటి కూలీలు ఇటే వస్తున్నారు. వలస పూర్తిగా ఆగిందని కాదు. కానీ పాలమూరు మీద సభలో మాట్లాడే వక్త ఎవరైనా ఇప్పటికీ ఎండిన బావి దగ్గరే మొదలుపెడతాడు. ఇక్కడి పిల్లలు వ్యాసరచన పోటీలో తమ ఊరి గురించి కరువు రాస్తారు, కిటికీలోంచి చూస్తే నీళ్లున్నా సరే. కరువు రాస్తే మార్కులొస్తాయని వాళ్లకు తెలుసు.

ఇక ఆ పక్కనే కొత్త బొమ్మ. డ్రోన్ నుంచి తీసిన గుడి, అద్దంలా నీళ్లు, సన్నాయి పాట. ఇందులో కరువూ లేదు, కూలీ లేడు, చేపలవాడు లేడు. ఒకప్పుడు ఏడుపు తప్ప ఏమీ చూపలేదు, ఇప్పుడు అందం తప్ప ఏమీ చూపరు. రెండింటిలోనూ మనిషి మామూలుగా బతుకుతున్న మనిషిగా కనిపించడు.

> గద్వాల మగ్గం
>
> గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ మగ్గం మీదే కలిపి నేస్తారు. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అగ్గిపెట్టెలో పట్టే చీర అన్న ప్రసిద్ధి దీనికీ ఉంది. తిరుమల వెంకన్నకు ఏటా బ్రహ్మోత్సవాలకు వెళ్లే 'ఏరువాడ జోడు పంచెలు' గద్వాల సంస్థానం తరఫున ఇక్కడే నేస్తారు.

పన్నెండు మెట్ల కిన్నెర

దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ కథలు చెబుతాడు. దొరల నుంచి దోచి పేదలకు పెట్టాడని చెప్పుకునే పండుగ సాయన్న కథ ఆయన నోట వినాలి. ఈ సాయన్న పాలమూరు జనం కట్టుకున్న సొంత హీరో. ఏ స్టూడియో తయారు చేయలేదు. ఊరు తలుచుకోవాలనుకున్న మనిషిని పాట వందేళ్లకు పైగా మోసుకొచ్చింది. కిన్నెర వాయించేవాళ్లను వెతికి, వాళ్ల కథలు సేకరించి వెలుగులోకి తెచ్చినవారిలో జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ ముఖ్యులు.

2021 సెప్టెంబరులో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట విడుదలైంది. మొదట వినిపించేది మొగులయ్య గొంతు, కిన్నెర. తమన్ బాణీ మొదలయ్యే లోపలే రాష్ట్రమంతా ఆయన్ను గుర్తుపట్టింది. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. సినిమా చేసిన మేలును తక్కువ చేయలేం. ఎన్నో ఏళ్ల పరిశోధన పత్రాలు చేరవేయలేని చోటికి ఒక్క పాట కిన్నెరను చేర్చింది. కానీ సినిమాకు కావలసింది ఆ మోత. సాయన్న కథ దానికి అక్కర్లేదు, పట్టదు కూడా. అడవి ఊరి గాయకుడు హీరో పేరు ఎత్తుకోవడానికి ముందుమాట అయ్యాడు.

2024లో మొగులయ్య హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో కట్టడం పనిలో కూలీగా కనిపించాడని వార్తలొచ్చాయి. వీడియో తిరిగింది. జనం అయ్యో అన్నారు, నాయకులు పరామర్శించారు. ఆ వారం మాట్లాడినవాళ్లలో చాలామంది ఆయన పేదరికం గురించే మాట్లాడారు. ఆయన కథల్లో ఎన్ని రికార్డయ్యాయి, ఆయన తర్వాత పన్నెండు మెట్ల మీద వేళ్లు ఆడించే వాళ్లు ఎవరు అని అడిగినవాళ్లు తక్కువ. పాలమూరు మనిషి కదా, మళ్లీ పాత బొమ్మలోనే దొరికాడు: మట్టిపని చేస్తూ.

సురవరం అచ్చేసిన 354 మందిలో ఎక్కువమంది పేర్లు ఇప్పుడు వాళ్ల సొంత ఊళ్లకే తెలియవు. అయినా పుస్తకం తెరిస్తే ఉంటారు, ఊరి పేరుతో సహా. అది పద్యం రాసి పోస్టు చేయగలిగిన వాళ్ల పట్టీ. కిన్నెర పట్టినవాళ్లు, బుర్రవీణ వాయించినవాళ్లు, మగ్గం మీద పాడుకున్నవాళ్లు అందులో లేరు. శ్రీరంగనాయకుడి గుడికి రాయి చెక్కినవాళ్లూ, రంగసముద్రం తవ్వినవాళ్లూ లేరు. వాళ్ల పట్టీ వేయడానికి ఇప్పుడు కాగితం, అచ్చు ఖర్చు కూడా అక్కర్లేదు. గట్టు మీద పెళ్లి ఫొటోలు తీసే కుర్రాడి కెమెరాలో మైకు ఉంది. ఆ పెద్దాయన పేరేమిటో, ఆ చెరువులో ఏ చేప ఏ నెలలో పడుతుందో అడిగితే చెప్పేవాడే.